కళ్ళజోడు ఇంటికొచ్చింది... అతను రాలేదు

కోల్‌కతా నుంచి లోకల్ ట్రైన్‌లో గంట ప్రయాణం. హుగ్లీ నది ఒడ్డున చందన్‌నగర్ అని ఒక ఊరు. ఆ నది ఒడ్డునే పాత ఫ్రెంచి గవర్నర్లు ఉన్న బంగళా ఒకటుంది, ఇప్పుడది మ్యూజియం. అక్కడ అద్దాల పెట్టెలో ఒక కళ్ళజోడు కనిపిస్తుంది. దాని మీద ఎండిపోయిన రక్తపు మరక. వందేళ్ళు దాటినా పోలేదు.

ఆ కళ్ళజోడు పెట్టుకున్న మనిషి పేరు జోగేంద్రనాథ్ సేన్. చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, చేసింది ఇంగ్లాండులో ఉద్యోగం. చనిపోయింది మాత్రం ఫ్రాన్స్‌లో, బ్రిటిష్ సైన్యంలో మామూలు సిపాయిగా, 1916 మే 22న. అప్పటికి వయసు 28.

నేను ఆరో తరగతి నుంచీ కళ్ళజోడు మనిషిని. అందుకేనేమో, ఈ కథ మొదటిసారి చదివినప్పుడు తుపాకులు, బాంబులు, కందకాలు ఏవీ మనసుకి పట్టలేదు. రాత్రి చీకట్లో, వాన బురదలో, అద్దాల మీద తుంపర పడుతుంటే, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేకుండా పనిచేస్తున్న ఒక మనిషే కనిపించాడు. కళ్ళజోడు ఉన్నవాళ్ళకి నేను చెప్పేది అర్థమవుతుంది.

మన యానాం లాంటి ఊరే

చందన్‌నగర్ అనగానే చాలామందికి తెలియకపోవచ్చు కానీ, యానాం తెలుసు కదా? గోదావరి జిల్లాల మధ్యలో ఉంటూనే పుదుచ్చేరి కింద ఉంటుంది. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం, చందన్‌నగర్... ఈ ఐదూ మన దేశంలో ఫ్రెంచివాళ్ళు చివరిదాకా అట్టిపెట్టుకున్న ఊళ్ళు. చుట్టూ బ్రిటిష్ ఇండియా, మధ్యలో చిన్న ఫ్రెంచి ముక్క. మిగతా నాలుగూ పుదుచ్చేరి గొడుగు కిందకి వెళ్తే చందన్‌నగర్ ఒక్కటీ పశ్చిమ బెంగాల్లో కలిసిపోయింది.

ఇప్పుడు ఆ ఊరికి ఇంకో పేరుంది. లైటింగుకి చందన్‌నగరే అంటారు. బెంగాల్లో దుర్గాపూజ పందిళ్ళ దగ్గర వీధుల నిండా కదిలే బొమ్మల్లాంటి కరెంటు దీపాలు చూసుంటారు. ఆ పనివాళ్ళు ఎక్కువమంది ఈ ఊరివాళ్ళే. అలాంటి ఊరి నుంచి 1910లో ఒక కుర్రాడు కరెంటు చదువు కోసం ఓడెక్కి ఇంగ్లాండు వెళ్ళాడంటే నాకు భలే ముచ్చటేసింది. అప్పటికి ఆ లైటింగ్ పేరు రాలేదనుకోండి, అది వేరే సంగతి.

అతను వెళ్ళింది లండన్ కాదు, లీడ్స్. ఉత్తర ఇంగ్లాండులో బట్టల మిల్లులు, పొగగొట్టాల ఊరు. ఇవాళ మనవాళ్ళు మాస్టర్స్ కోసం వెళ్ళే ఊళ్ళలో అదీ ఒకటి. యూనివర్సిటీ కూడా అదే, లీడ్స్ యూనివర్సిటీ. 1913లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ డిగ్రీ చేతికొచ్చింది. తర్వాత లీడ్స్ నగరపాలక సంస్థ వారి కరెంటు కేంద్రంలో అసిస్టెంట్ ఇంజినీర్‌గా ఉద్యోగం. ఊరికి వెలుగిచ్చే చోట పని.

జోగేంద్రనాథ్ అనే పేరు ఇంగ్లీషు నోళ్ళకి తిరగదు కదా. అక్కడివాళ్ళు 'జోన్ సేన్' అన్నారు. శ్రీనివాస్ శ్రీని అయినట్టు, వెంకటేశ్వర్లు వెంకీ అయినట్టు. విదేశంలో మనవాడి పేరు మొదట కత్తిరించుకునేది సహోద్యోగులే. అది ప్రేమతోనూ జరుగుతుంది, బద్ధకంతోనూ జరుగుతుంది.

ఒకే ఊరు, ముగ్గురు కుర్రాళ్ళు

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చందన్‌నగర్‌కే మళ్ళీ రావాలి. ఎందుకంటే సేన్ ఊరు వదిలిన ఆ రోజుల్లో అది ఉత్త నది ఒడ్డు ఊరు కాదు, బ్రిటిష్ పోలీసులకి తలనొప్పి. సరిహద్దు దాటి లోపలికొస్తే బ్రిటిష్ చట్టం చెల్లదు. అందుకని బెంగాల్ విప్లవకారులకి అది దాక్కునే చోటయింది. సరిగ్గా 1910లోనే అరవిందులు కలకత్తా నుంచి రాత్రికి రాత్రి పడవెక్కి వచ్చి ఇక్కడ కొన్ని వారాలు తలదాచుకుని, అక్కడి నుంచి పుదుచ్చేరి వెళ్ళిపోయారు.

సేన్ ఈడువాళ్ళే ఇంకో ఇద్దరు ఆ ఊళ్ళో పెరిగారు. ఒకరు కనైలాల్ దత్. అలీపూర్ బాంబు కేసులో అరెస్టయి, జైల్లోనే అప్రూవర్‌గా మారినవాణ్ణి తోటి ఖైదీతో కలిసి కాల్చి చంపాడు. 1908 నవంబర్ 10న ఉరి తీశారు. అప్పటికి ఇరవై ఏళ్ళు. ఇంకొకరు రాస్ బిహారీ బోస్. 1912లో ఢిల్లీలో వైస్రాయ్ హార్డింజ్ మీద బాంబు పడిన కేసులో పోలీసులు వెతికింది ఈయన్నే. 1915లో సైన్యంలో తిరుగుబాటు లేవదీయాలని ప్లాన్ చేశాడు, అది బయటపడిపోయింది. పోలీసుల కళ్ళుగప్పి అదే ఏడాది జపాన్ చేరాడు. తర్వాత చాలా ఏళ్ళకి ఆజాద్ హింద్ ఫౌజ్ పగ్గాలు నేతాజీకి అప్పగించింది కూడా ఈయనే.

ఆ ఏడాది, 1915లో, మూడో కుర్రాడు జోగేంద్రనాథ్ సేన్ యార్క్‌షైర్ కొండల్లో బ్రిటిష్ యూనిఫాంలో కవాతు చేస్తున్నాడు.

ఒకరు బ్రిటిష్‌వాళ్ళ చేతిలో ఉరికంబం ఎక్కారు. ఒకరు బ్రిటిష్‌వాళ్ళ నుంచి తప్పించుకుని సముద్రాలు దాటారు. ఒకరు బ్రిటిష్‌వాళ్ళ తరఫున యుద్ధానికెళ్ళారు. మన పాఠ్యపుస్తకాల్లో మొదటి ఇద్దరికీ చోటుంది, మూడో మనిషికి లేదు. అది అన్యాయమని వెంటనే అనేయలేను, ఎందుకంటే వలస పాలకుడి సైన్యంలో చేరినవాణ్ణి హీరో చేసి పటం కట్టడం నాకూ కష్టమే. కానీ అతన్ని ద్రోహి అనడం మరీ సులువు. ఆ సులువైన మాట నాకు నచ్చదు.

ఆఫీసు మొత్తం కలిసి సైన్యంలోకి

1914 ఆగస్టులో యుద్ధం మొదలైంది. బ్రిటన్‌కి అప్పట్లో నిర్బంధ సైనిక సేవ లేదు. మనుషులు కావాలి, త్వరగా కావాలి. అప్పుడు పుట్టిన ఐడియానే 'పాల్స్' బెటాలియన్లు. పాల్స్ అంటే దోస్తులు. ఒకే ఊరివాళ్ళు, ఒకే ఆఫీసువాళ్ళు, ఒకే ఫుట్‌బాల్ క్లబ్బువాళ్ళు కలిసి పేరిస్తే, కలిసే ట్రైనింగ్, కలిసే యుద్ధం. తెలియని మొహాల మధ్య కాదు, మన గ్యాంగుతోనే వెళ్తాం అంటే కుర్రాళ్ళు ఆగుతారా!

సెప్టెంబర్‌లో లీడ్స్ పాల్స్ తయారైంది. కాగితాల మీద దాని పేరు వెస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ 15వ బెటాలియన్. కొత్త సైనికుల బట్టలు, సామగ్రి ఖర్చు పెట్టుకోవడానికి అప్పటి లార్డ్ మేయర్, రసాయనాల వ్యాపారి ఎడ్వర్డ్ బ్రదర్టన్ ముందుకొచ్చాడు. ఈ బెటాలియన్‌లో చేర్చుకున్నది ముఖ్యంగా ఆఫీసు ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్ళని. గుమాస్తాలు, టీచర్లు, విద్యార్థులు, పెద్ద షాపుల్లో పనిచేసేవాళ్ళు. వెయ్యిమందికి పైగా చేరారు. మొదట్లోనే పేరిచ్చినవాళ్ళలో జోన్ సేన్ ఒకడు. అంతమందిలో తెల్లజాతి కానివాడు, తెలిసినంతవరకు, అతనొక్కడే.

ఎందుకు చేరాడు? ఈ ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగాను. బలవంతం లేదు. డబ్బు కోసం కాదు, సిపాయి జీతం రోజుకి ఒక షిల్లింగు, ఇంజినీర్ ఉద్యోగం వదులుకుని దానికోసం ఎవరూ వెళ్ళరు. మనం 2024లో ఇంకో రకం కథ విన్నాం. హెల్పర్ ఉద్యోగమని నమ్మి రష్యా వెళ్ళిన హైదరాబాద్ యువకుడు ఉక్రెయిన్ యుద్ధంలో ప్రాణాలు పోగొట్టుకున్నాడని ఆ ఏడాది మార్చిలో మాస్కోలోని మన రాయబార కార్యాలయం ప్రకటించింది. అది మోసపోయిన కథ. సేన్ మోసపోలేదు. తెలిసే వెళ్ళాడు.

నా ఊహ అయితే ఇదీ. నాలుగేళ్ళుగా ఆ ఊళ్ళో ఉంటున్నాడు. తనతో కలిసి చదువుకున్నవాళ్ళు, పక్క టేబుల్ మీద పనిచేసేవాళ్ళు, సాయంత్రం కబుర్లు చెప్పుకునేవాళ్ళు, అందరూ టౌన్‌హాల్ వైపు వెళ్తున్నారు. ఆ రోజు గదిలో కూర్చుండిపోతే, రేపటి నుంచి తను ఆ ఊరివాడు కాదు, ఉత్త విదేశీ. పరాయి దేశంలో బతికేవాడికి 'మనం' అనే మాటలో తను కూడా ఉన్నాడా లేదా అన్న లెక్క రోజూ ఉంటుంది. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో యాడ్ చేస్తారా లేదా అని చూసుకుంటున్నాం, అప్పుడది ఇంకా పెద్ద విషయం మీద తేలేది.

ఒక్క గీత కూడా దక్కలేదు

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను.

సైన్యంలో సిపాయికి పైన మొట్టమొదటి మెట్టు లాన్స్ కార్పొరల్. చేతి మీద ఒకే ఒక గీత. చిన్న గుంపుని చూసుకునే పని, అంతకు మించి పెద్ద అధికారమేమీ లేదు. మన భాషలో చెప్పాలంటే క్లాస్ లీడర్ కన్నా ఒక్క పిసరు ఎక్కువ.

1988లో, అంటే యుద్ధం అయిపోయి డెబ్భై ఏళ్ళ తర్వాత, సేన్‌తో పాటు లీడ్స్ పాల్స్‌లో పనిచేసిన ఒక ముసలి సైనికుడు పాత రోజులు చెప్పుకొచ్చాడు. మా గుడిసెలో జోన్ సేన్ అని ఒక హిందువు ఉండేవాడు, మొత్తం బెటాలియన్‌లో అంత చదువుకున్నవాడు లేడు, ఏడు భాషలదాకా వచ్చు అన్నాడు. అంతటివాడిని లాన్స్ కార్పొరల్‌ కూడా కానివ్వలేదని, ఎందుకంటే ఆ రోజుల్లో రంగు మనిషిని తెల్లవాడి మీద పెట్టేవాళ్ళు కాదని కూడా చెప్పాడు.

ఈ మాటల్లో నన్ను కుదిపింది వివక్ష కాదు. వివక్ష ఉంటుందని తెలుసు. గుడిసెలో ఉన్న అందరికీ ఆ సంగతి తెలుసు అన్నదే నన్ను కుదిపింది. సేన్‌కీ తెలిసే ఉండాలి కదా! పక్క మంచం మీద పడుకునేవాడికి తెలుసు, ఇతను మనకన్నా చదువుకున్నాడని. ఇతనికి గీత రాదనీ తెలుసు. ఎందుకు రాదో కూడా తెలుసు. అయినా పొద్దున్నే లేచి అందరూ కలిసే టీ తాగుతారు.

అప్పటి బ్రిటిష్ సైన్యంలో ఆఫీసర్ కావాలంటే 'శుద్ధ యూరోపియన్ వంశం' ఉండాలన్నది కాగితం మీద రాసుకున్న షరతే. సరే, అది దుర్మార్గమే కానీ కనీసం కనిపిస్తుంది. లాన్స్ కార్పొరల్ ఆఫీసర్ కాదు. దానికి ఆ షరతు వర్తించదు. అక్కడ ఆపింది కాగితం కాదు, అలవాటు. ఆఫీసు రాజకీయాలు చూసినవాళ్ళకి ఈ తేడా బాగా తెలుస్తుంది. రూల్ ఉంటే దాంతో కొట్లాడొచ్చు, రూలే లేకపోతే ఎవరితో కొట్లాడతాం?

సేన్ బెంగాలీ కావడం ఇంకో చిక్కు. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్‌వాళ్ళు మన జనాన్ని రెండు ముక్కలు చేశారు. యుద్ధానికి పనికొచ్చే 'వీర జాతులు', పనికిరాని మిగతావాళ్ళు. సిక్కులు, గూర్ఖాలు, పఠాన్లు మొదటి జాబితా. బెంగాలీలు రెండో జాబితా. చదువుకున్నవాళ్ళు, ప్రశ్నలు వేసేవాళ్ళు, సైన్యానికి వద్దు. భారత సైన్యంలో బెంగాలీలకంటూ ఒక దళం రావడానికి 1916 దాకా ఆగాలి. ఆ తర్వాత ఏర్పడిన 49వ బెంగాలీ రెజిమెంట్‌లో కాజీ నజ్రుల్ ఇస్లాం కూడా పనిచేశాడు.

మనల్ని కూడా ఆ రెండో జాబితాలోనే పడేశారు, తెలుసా? ఈస్టిండియా కంపెనీ తొలి రోజుల్లో ఉత్తరాదిలో సిపాయిలని 'తిలంగా'లు అనేవాళ్ళు. మొదట వెళ్ళిన సిపాయిలు ఈ వైపు నుంచి వెళ్ళడం వల్ల వచ్చిన పేరది. సిపాయి అన్న మాటకే మన పేరు పెట్టినవాళ్ళు, పందొమ్మిదో శతాబ్దం చివరికొచ్చేసరికి తెలుగువాళ్ళు యుద్ధానికి పనికిరారని చేర్చుకోవడం దాదాపు ఆపేశారు. మద్రాసు సైన్యానికి అధిపతిగా, తర్వాత మొత్తం భారత సైన్యానికి అధిపతిగా పనిచేసిన లార్డ్ రాబర్ట్స్ ఈ సిద్ధాంతానికి పెద్ద ప్రచారకుడు. మనుషులు మారలేదు, వాళ్ళ గురించి రాసుకున్న లెక్క మారింది.

అంటే సేన్ ఇంటి దగ్గరే ఉండి భారత సైన్యంలో చేరదామనుకున్నా గేటు దగ్గరే ఆపేసేవాళ్ళు. లీడ్స్‌లో ఉన్నాడు కాబట్టి లోపలికి రానిచ్చారు. రానిచ్చి, మెట్టు దగ్గర ఆపారు.

కొండలు, ఎడారి, బురద

ట్రైనింగ్ యార్క్‌షైర్‌లోని కోల్‌స్టర్‌డేల్ అనే లోయలో. అక్కడి చలి, గాలి గురించి పెద్దగా చెప్పను. హుగ్లీ ఒడ్డున పుట్టినవాడికి ఎలా ఉంటుందో ఊహించుకోండి. 1915 డిసెంబర్‌లో బెటాలియన్‌ని ఈజిప్టు పంపారు, సూయెజ్ కాలువ కాపలాకి. మన దేశం నుంచి ఇంగ్లాండు వెళ్ళే ఓడలన్నీ ఆ కాలువ దాటే వెళ్ళాలి. 1910లో చదువుకోవడానికి వెళ్తూ సేన్ దాటింది కూడా ఆ దారే అయ్యుండాలి. ఇప్పుడు అదే నీళ్ళ పక్కన తుపాకీ పట్టుకుని నిలబడ్డాడు.

1916 మార్చిలో ఫ్రాన్స్.

ఒక విచిత్రం చూడండి. మన సైనికులు 1914 చివర్లోనే ఫ్రాన్స్ చేరి న్యూవ్ షాపెల్ లాంటి చోట్ల ఘోరంగా నష్టపోయారు. ఆ యుద్ధం మొత్తంలో దేశం దాటి వెళ్ళిన మనవాళ్ళు పది లక్షల పైనే, చనిపోయినవాళ్ళు 74 వేల దాకా. అయితే 1915 ముగిసేసరికి భారత పదాతి దళాన్ని ఫ్రాన్స్ నుంచి ఎత్తేసి మెసొపొటేమియా వైపు, అంటే ఇప్పటి ఇరాక్ వైపు, మళ్ళించారు. గుర్రపు దళం మాత్రం మిగిలింది. అలా మన పటాలాలు వెళ్ళిపోయాక సేన్ అక్కడికి వచ్చాడు. భారత సైనికుడిగా కాదు, లీడ్స్ కుర్రాడిగా. చుట్టుపక్కల తన భాష మాట్లాడేవాడు ఒక్కడు లేడు.

ఇంకో విచిత్రం. 1915 డిసెంబర్‌లో ఫ్రెంచి ప్రభుత్వం తన భారత కాలనీల్లో స్వచ్ఛంద సైనికుల్ని తీసుకోవడానికి ఒప్పుకుంది. 1916 ఏప్రిల్‌లో చందన్‌నగర్ నుంచి పాతికమంది దాకా కుర్రాళ్ళు ఫ్రెంచి సైన్యం కోసం బయల్దేరారు. ఊరు ఊరంతా పండగలా సాగనంపింది. వాళ్ళు తర్వాత ఫిరంగి దళంలో వెర్డన్ దగ్గర పనిచేశారు. ఆ పండగ జరుగుతున్నప్పుడు, అదే ఊరి మనిషి ఒకడు అప్పటికే ఫ్రాన్స్ కందకాల్లో ఉన్నాడు, వేరే యూనిఫాంలో, సాగనంపేవాళ్ళు ఎవరూ లేకుండా వెళ్ళినవాడు.

ఆ రాత్రి

లీడ్స్ పాల్స్ ఉన్నది సొమ్ ప్రాంతంలో సెర్ అనే చిన్న పల్లెకి ఎదురుగా. పల్లె జర్మన్ల చేతిలో ఉంది. ఇవతల మన కందకం, అవతల వాళ్ళ కందకం, మధ్యలో ఎవరికీ చెందని నేల. ఆ నేల మీద ముళ్ళకంచె వెయ్యాలి. పగలు తల పైకెత్తితే పోతుంది, కాబట్టి రాత్రి.

ముళ్ళకంచె పని అంటే ఏంటో కొంచెం చెప్పాలి. బరువైన తీగ చుట్టలు ఇద్దరిద్దరు మోసుకుని కందకం దాటి బయటికి పాకాలి. ఇనుప గూటాలు భూమిలోకి మరమేకులా తిప్పి దించాలి, సుత్తితో కొడితే చప్పుడు వినిపిస్తుంది. కొట్టక తప్పకపోతే గోనెసంచి చుట్టి కొట్టాలి. మాట్లాడకూడదు, దగ్గకూడదు, అగ్గిపుల్ల గియ్యకూడదు. అవతలివాళ్ళకి అనుమానం వస్తే ఆకాశంలోకి వెలుగు గుళిక వదుల్తారు. తెల్లగా పగలైపోతుంది. అప్పుడు ఉన్నవాడు ఉన్నచోటే కదలకుండా నిలబడిపోవాలి, చెట్టు మొద్దులా. కదిలితే చూస్తారు.

మే 22 రాత్రి సేన్ ఆ పని మీద ఉన్నాడు. ఫిరంగులు మొదలయ్యాయి. పేలిన గుండు ముక్క ఒకటి కాలికి తగిలింది, ఇంకొకటి మెడకి. అక్కడితో అయిపోయింది.

యుద్ధ చరిత్రలు రాసేవాళ్ళు ఆ రోజుని ఒక వాక్యంలో కూడా రాయరు. అది పెద్ద దాడి కాదు. దానికి పేరు లేదు. పెద్దది నలభై రోజుల తర్వాత, జులై 1న వచ్చింది. ఆ ఉదయం లీడ్స్ పాల్స్ అదే సెర్ వైపు కందకాలు దాటి నడిచారు. చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు కలిపి అయిదు వందలు దాటారు, అదీ మొదటి కొద్ది నిమిషాల్లోనే ఎక్కువ. ఆ ఒక్కరోజే బ్రిటిష్ సైన్యం మొత్తంగా 19,240 మందిని పోగొట్టుకుంది. దోస్తులంతా కలిసి వెళ్ళడంలో ఉన్న అసలు ప్రమాదం అప్పుడు తెలిసొచ్చింది. చనిపోవడం కూడా కలిసే చనిపోయారు. లీడ్స్‌లో ఒక్కో వీధిలో ఇంటింటికీ ఒకేవారం టెలిగ్రాములు, ఉత్తరాలు. ఆ సముద్రంలో, మే నెలలో పోయిన ఒక్క సేన్ కలిసిపోయాడు. లీడ్స్ పత్రికల్లో అతని గురించి వచ్చిన నాలుగు ముక్కలూ పాత కట్టల్లో పడిపోయాయి.

రెండు చోట్ల రెండు సగాలు

సైనికుడు చనిపోతే అతని దగ్గరున్న వస్తువులు ఇంటికి పంపుతారు. సేన్‌వి బెంగాల్ చేరాయి. కళ్ళజోడు అందులో ఒకటి. ఒక యువతి ఫొటో కూడా. ఫొటో అనగానే సినిమా కథ అల్లేయాలని చెయ్యి లాగుతుంది, అల్లను. ఇంట్లోవాళ్ళు వాటిని పారేయలేదు. రక్తం తుడిచేయలేదు. ఈ రెండో మాట మీకు వింతగా అనిపించొచ్చు, కానీ మన ఇళ్ళల్లో పోయినవాళ్ళ వస్తువులు బీరువాలో ఎలా ఉంటాయో ఆలోచించండి. ఉతకని చొక్కా ఉతక్కుండానే ఉంటుంది. తర్వాత ఎప్పుడో అవి మ్యూజియానికి చేరాయి.

అలా వస్తువులు ఇక్కడ, పేరు అక్కడ. లీడ్స్ యూనివర్సిటీ తన విద్యార్థుల్లో యుద్ధంలో చనిపోయినవాళ్ళ పేర్లు ఒక స్మారకం మీద చెక్కించింది. అందులో సేన్ పేరుంది. ఆ స్మారకం ఉన్నది బ్రదర్టన్ లైబ్రరీలో. అవును, ఆ లార్డ్ మేయర్ బ్రదర్టన్ డబ్బుతో 1936లో తెరిచిన లైబ్రరీయే. కుర్రాళ్ళకి యూనిఫాం కొనిచ్చినవాడి డబ్బే చివరికి వాళ్ళ పేర్లున్న గోడకీ అయ్యింది. రోజూ వందలమంది విద్యార్థులు ఆ పేరు పక్కనుంచే నడిచి వెళ్ళారు, దశాబ్దాల పాటు. అందులో మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళూ ఉండే ఉంటారు.

2005లో సంతను దాస్ అనే పరిశోధకుడు చందన్‌నగర్ మ్యూజియంలో ఆ కళ్ళజోడు చూశారు. ఇంగ్లీషు సాహిత్యం బోధిస్తూ, ఆ యుద్ధంలో భారతీయుల పాత్ర మీద పనిచేస్తున్న మనిషి. యుద్ధంలో పోయినవాడిదని తెలిసింది కానీ, లీడ్స్ సంగతి అప్పటికి తెలియదు. ఆ తర్వాత కొన్నేళ్ళకి లీడ్స్ వైపు యూనివర్సిటీ స్మారకం మీది పేర్ల గురించి వెతుకుతున్నవాళ్ళు, ఈ కళ్ళజోడు కథ, రెండూ ఒకచోట కలిశాయి. 2015లో బ్రిటన్ మీడియా రాసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన తొలి బెంగాలీ ఇతనే అంటున్నారు ఇప్పుడు.

ఇంతకాలం ఎందుకు పట్టింది? నాకు అర్థమైంది ఏంటంటే, అతన్ని గుర్తుపెట్టుకోవడం ఎవరి పనీ కాకుండా పోయింది. బ్రిటన్‌కి 'భారత సైనికుడు' అంటే తలపాగా ఉన్న సిక్కు, గూర్ఖా. వాళ్ళకి న్యూవ్ షాపెల్‌లో పెద్ద స్మారకం కట్టారు, సమాధి కూడా దొరకని 4,700 మందికి పైగా పేర్లున్నాయి. సేన్ ఆ లెక్కలో రాడు, భారత సైన్యం కాదు కాబట్టి. ఢిల్లీ ఇండియా గేట్ మీద ఉన్నదీ భారత సైన్యంవాళ్ళ పేర్లే. స్వాతంత్ర్యం వచ్చాక మన చరిత్రకి కనైలాల్ కావాలి, రాస్ బిహారీ కావాలి. బ్రిటిష్ సిపాయి ఎందుకు? ఫ్రెంచివాళ్ళకైతే చందన్‌నగర్ నుంచి తమ కోసం వచ్చిన ఆ పాతికమంది చాలు. మూడు దేశాలకీ కొంచెం కొంచెం చెందినవాడు మూడు దేశాల జాబితాల్లోనూ పక్కకి జరిగిపోయాడు. పాస్‌పోర్టు ఒకచోట, ఉద్యోగం ఒకచోట, మనసు ఒకచోట ఉన్న ఎవరికైనా ఇది పాత కథ అనిపించదు.

అదే కాలంలో ఇంకో బెంగాలీ కుర్రాడు ఉన్నాడు, ఇంద్రలాల్ రాయ్. చిన్నప్పుడే లండన్ వెళ్ళి అక్కడే బడి చదువు చదివాడు. 1917లో బ్రిటిష్ విమాన దళంలో ఏకంగా ఆఫీసర్ అయ్యాడు. 1918 జులైలో రెండు వారాల్లో పది శత్రు విమానాల్ని దెబ్బతీసి, ఆ నెలే 22న కూలిపోయాడు. పందొమ్మిదేళ్ళు. అతనికి పతకం వచ్చింది, పేరు వచ్చింది, మన దేశంలో పోస్టల్ స్టాంపు కూడా వచ్చింది. మరి సేన్‌ని ఆపిన రంగు అతన్ని ఆపలేదా అంటారా? 1917కి మనుషులు అయిపోతున్నారు. ఆ ఏడాది ఆగస్టులోనే తొమ్మిదిమంది భారతీయ ఆఫీసర్లకి మొదటిసారి రాజు పేరుమీద కమిషన్ ఇచ్చారు. తలుపు తెరుచుకున్నది న్యాయం వల్ల అనుకుంటే అనుకోండి, నాకైతే అవసరం ఎక్కువ కనిపిస్తోంది. ఏదేమైనా సేన్ ఆ తలుపు తెరుచుకోవడానికి ఏడాది ముందే వెళ్ళిపోయాడు.

సొమ్ ప్రాంతంలో కోలాంకాంప్ ఊరి పక్కన సుక్రెరీ మిలిటరీ సెమెట్రీ ఉంది. సుక్రెరీ అంటే ఫ్రెంచిలో చక్కెర మిల్లు. అక్కడ దగ్గర్లో ఒకప్పుడు బీట్ దుంపల నుంచి చక్కెర తీసే మిల్లు ఉండేది, అందుకే ఆ పేరు. సేన్ సమాధి అక్కడుంది. ఈ యుద్ధ సమాధుల్ని చూసుకునే సంస్థ మొదట్లోనే ఒక నియమం పెట్టుకుంది, పెద్ద ఆఫీసరైనా మామూలు సిపాయి అయినా రాయి ఒకే సైజులో ఉండాలని. అతని రాయి కూడా పక్కవాళ్ళంతే ఎత్తు. దాని మీద రెజిమెంట్ పేరు వెస్ట్ యార్క్‌షైర్. హోదా, ప్రైవేట్. పేరు మాత్రం జోన్ అని కాదు, జె.ఎన్. సేన్ అని.